జొన్న మేసి గొడ్డు పడితే అది నామేనా?

అనంతపురం

ఒరేయ్ రమణా,

వాన పడింది, వాడిపోయిన జొన్న మళ్ళీ పచ్చగా లేచిందని సంబరంగా రాసినావు. సంబరం సరేగానీ, ఇంకో వారం పదిరోజులు గొడ్లను అటు తోలొద్దు.

మన పక్క జొన్న మేసి ఆవు పడితే అందరిదీ ఒకటే మాట, "నాము తగిలింది" అని. నాము, అంటే లేత జొన్నలో, బెట్టకు వాడిన జొన్నలో పుట్టే సైనైడు విషం, నిజమే. కానీ అదే పైరులో నైట్రేటు విషం కూడా ఉండొచ్చు. రెండింటికీ మందులు వేరు, అదే తిరకాసు.

బెట్టకు వాడిన పైరు మీద వాన పడితే వేరు నైట్రేటును గబగబా లాగుతుంది. ఆకు ఇంకా తేరుకోదు కాబట్టి దాన్ని మాంసకృత్తులుగా మార్చలేదు. అదంతా కాడ మొదట్లో పేరుకుంటుంది. పైన యూరియా కూడా చల్లినావంటే చెప్పేదేముంది! సజ్జ, మొక్కజొన్న, గట్ల మీది ముళ్ళతోటకూరదీ ఇదే దారి.

గొడ్డు పొట్టలో నైట్రేటు ముందు నైట్రైటుగా, తర్వాత అమ్మోనియాగా మారుతుంది. ఆకలి మీద ఒక్కసారిగా మేస్తే రెండో మార్పు వెనకబడుతుంది. మిగిలిన నైట్రైటు రక్తంలోకి పోతే ఆ రక్తం ప్రాణవాయువును మోయలేదు. మేసిన అరగంట నుంచి నాలుగు గంటల్లోపల రొప్పు, వణుకు, తూలుడు మొదలవుతాయి. చిగుళ్ళు నీలంగా, గోధుమగా తిరుగుతాయి. రక్తం చూడు: కాఫీ డికాక్షన్‌లా ఉంటే నైట్రేటు, మరీ ఎర్రగా మెరుస్తుంటే నాము.

నాముకు సోడియం నైట్రైటు, హైపో (సోడియం థయోసల్ఫేటు) సూదులు వేస్తారు. నైట్రేటు తగిలిన గొడ్డుకు ఆ నైట్రైటే ఎక్కిస్తే చేతులారా చంపుకున్నట్టే. దీనికి మిథిలీన్ బ్లూ కావాల. 1 శాతం ద్రావణం, కిలో బరువుకు కనీసం 4 మిల్లీగ్రాములు, నరానికి నిదానంగా. 300 కిలోల ఆవుకు 120 మిల్లీలీటర్లన్నమాట. అది డాక్టరు పని. పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేసి, రక్తం రంగు ముందే చెప్పు. ఆలోపల గొడ్డును పరిగెత్తించొద్దు, నీడలో కదలకుండా ఉంచు.

మేపక తప్పదంటావా, ముందు వేరుశనగ కట్టె (ఎండు తీగ) కడుపు నిండా వెయ్యి. జొన్నను నేలకు అడుగు ఎత్తున కోసి, కొద్దికొద్దిగా కలుపు. కోసిన పచ్చిమేత కుప్పేసి పెట్టొద్దు. వేడెక్కితే అందులోనే నైట్రైటు తయారవుతుంది. ఎండబెడితే నాము విషం చాలావరకు పోతుంది, నైట్రేటు మాత్రం ఎండుసొప్పలోనూ అట్లే ఉంటుంది. పాతరేస్తే (సైలేజీ చేస్తే) కొంత తగ్గుతుంది.

నీ చూలావును మాత్రం ఆ చేను దాపుకే పోనీయొద్దు. విషం తగిలి బతికినా, కొన్నాళ్ళకు చూలు పోయి ఈసుకుపోవచ్చు.

ఇంట్లో అందరినీ అడిగినానని చెప్పు.

నీ
సుబ్బడు