కొండ దారి చూసుకునేవాళ్లకు జీతం ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది అనకాపల్లి జిల్లా. పద్దెనిమిదేళ్లుగా ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో ఉంటున్నా రోజూ పొద్దున్నే ఫోన్‌లో మీ పేపరు చదవనిదే నాకు తోచదు. పోయిన అక్టోబరులో నేనూ, నా స్నేహితురాలూ, మా రెండు కుక్కలూ కలిసి ఇక్కడి లేక్ డిస్ట్రిక్ట్ అనే కొండల ప్రాంతంలో 214వ కొండ ఎక్కాం. మొదలుపెట్టి పదకొండేళ్లయింది. ఆ సంతోషంతోనే డిసెంబరులో ఊరికొచ్చినప్పుడు పాడేరు వైపు ఒక కొండ ఎక్కాను. దిగేటప్పుడు చూసింది ఇంకా మనసులోంచి పోవడం లేదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ 214 సంగతి చెప్పాలి. ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్ అని కెండల్ పట్టణంలో మునిసిపల్ ట్రెజరర్‌గా పనిచేసిన ఆయన ఉండేవారు. కారు నడపడం రాదు. సెలవు దొరికితే బస్సెక్కి కొండలకు వెళ్లేవారు, తిరిగొచ్చి చూసిందంతా సొంత చేతిరాతతో, బొమ్మలతో రాసుకునేవారు. అవే 1955 నుంచి 1966 దాకా ఏడు పుస్తకాలుగా వచ్చాయి. వాటిలో ఉన్న కొండలే ఈ 214. అన్నీ ఎక్కాలని ఇక్కడ వేలమంది పెట్టుకునే మొక్కు లాంటిది ఇది. అన్నిటికన్నా ఎత్తు స్కాఫెల్ పైక్, 978 మీటర్లు. అన్నిటికన్నా చిన్నది క్యాజిల్ క్రాగ్, 290 మీటర్లే. ఆ చిన్నదాన్ని మేం కావాలనే చివరికి ఉంచుకున్నాం. నా స్నేహితురాలి కుక్క మెగ్‌కి మొదట్లో రెండేళ్లు, ఇప్పుడు పదమూడు. వెనక కాళ్లు పట్టేస్తున్నాయి, పెద్ద కొండ ఎక్కడం ఇక దాని వల్ల కాదు. ఇన్నేళ్లు మాతో నడిచింది, చివరి కొండ మీద అది లేకపోతే ఎలా? పలక రాళ్ల గుట్టల మధ్య మెలికలు తిరిగే ఆ చివరి దారిలో దాన్ని ఎత్తుకుందామని చూస్తే ఒప్పుకోలేదు, ఆగి ఆగి తనే ఎక్కింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆ లోయ కుర్రాళ్ల పేర్లు చెక్కిన రాయి ఉంటుంది పైన. దాని పక్కనే నలుగురం కూర్చుని పులిహోర తిన్నాం. మెగ్‌కి మాత్రం దాని బిస్కెట్లే.

ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైంది ఒకటి: అక్కడి ప్రతి దారి వెనకా మనుషులున్నారు. వానకి, జనం అడుగులకి కోసుకుపోయిన చోట హెలికాప్టర్‌తో రాళ్లు దింపి, చేత్తో ఒక్కొక్కటీ పేర్చి మెట్లలా కడతారు. నీళ్లు పోవడానికి పెట్టిన కాలవలు పూడిపోతే వాలంటీర్లు వచ్చి తీస్తారు. కుక్కలకీ రూలుంది. అందరూ తిరగగలిగే ఆ కొండ నేలల్లో మార్చి 1 నుంచి జులై 31 దాకా రెండు మీటర్లకు మించని తాడుతోనే నడిపించాలి, గొర్రెల దగ్గర ఏడాది పొడవునా అంతే.

ఆపద వస్తే మౌంటెన్ రెస్క్యూ వాళ్లు వస్తారు. వాళ్లకి జీతం లేదు, మన దగ్గర పైసా తీసుకోరు, వేరే ఉద్యోగాలు చేసుకుంటూనే అర్ధరాత్రి పిలిచినా లేచి వస్తారు. 2020 జులైలో స్కాఫెల్ పైక్ దిగుతూ డైసీ అనే సెయింట్ బెర్నార్డ్ కుక్క కూలబడిపోతే, 55 కిలోల దాన్ని వాస్‌డేల్ టీమ్ వాళ్లు 16 మంది స్ట్రెచర్ మీద కిందికి మోశారు. మాకూ ఒకసారి గ్రేట్ గేబుల్ అనే కొండ మీద నా కుక్క బూందీకి రాయి కోసుకుని పాదం చీలింది. జాకెట్‌లో చుట్టి వంతులేసుకుని మోసుకొచ్చాం, నాలుగు గంటలు పట్టింది. మనిషినైనా కుక్కనైనా కొండ మీంచి మోయడమంటే ఏంటో ఆ రోజు నా భుజాలకి తెలిసింది.

ఇక మన కొండ. పొద్దున్నే మబ్బులు చూడ్డానికి చీకట్లోనే వందలమంది ఎక్కుతున్నారు. కింద టికెట్ తీసుకున్నారు, మంచిదే అనుకున్నాను. కానీ దారికి ఒక్క గుర్తు లేదు. జనం అడ్డదిడ్డంగా నడిచి ఒక దారిని నాలుగు చేశారు, నాలుగూ గుంతలు పడిపోయాయి. వాటర్ బాటిళ్లు, బిర్యానీ ప్యాకెట్లు, పగలగొట్టిన సీసాలు. ఆ సీసా పెంకుల్లోంచే పక్క ఊరి పిల్లలు చెప్పుల్లేకుండా మేకల్ని తోలుకెళ్తున్నారు.

దిగేటప్పుడు ఒక కాలేజీ అబ్బాయి జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఎవరికి ఫోన్ చేయాలో రాసిన బోర్డు లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. కింది ఊరి నుంచి నలుగురు వచ్చి కర్రకి దుప్పటి కట్టి, డోలీలో మోసుకెళ్లారు. వాళ్లతో పాటే దిగాను. ఒకాయన అన్న మాట: "మాకిది అలవాటేనమ్మా, కడుపుతో ఉన్న ఆడోళ్లని ఇలాగే మోస్తాం." అంబులెన్సు దాకా దించి, నీళ్లు తాగి, ఎవర్నీ ఏమీ అడక్కుండా తిరిగి వెళ్లిపోయారు. నాకు ఏడుపొచ్చింది.

నేను అడిగేది ఇంగ్లండ్‌ని కాపీ కొట్టమని కాదు. అక్కడ వాలంటీర్లు కడుపు నిండినవాళ్లు, వాళ్లకి కుదురుతుంది. మన్యంలో ఆ పనిని ఉచితంగా చేయమనడం అన్యాయం. టికెట్ డబ్బుల్లోంచి ఆ ఊరి వాళ్లకే నెల జీతం ఇచ్చి కొండ దారి అప్పగించండి. రాళ్లు ఎక్కడ పేర్చాలో, నీళ్లు ఎటు మళ్లించాలో వాళ్లకంటే ఎవరికి తెలుసు? మంచి స్ట్రెచర్లు, ఫస్ట్ ఎయిడ్‌లో ట్రైనింగ్, పైదాకా గుర్తులు, కింద ఆడవాళ్లకి టాయిలెట్. రోజుకి ఎంతమందిని పైకి పంపాలో కూడా గ్రామసభే చెప్పాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ మాటకి విలువ ఉండాలనే కదా 1996లో పెసా చట్టం తెచ్చింది. ఇంకో మాట, పర్యాటకుల మెట్ల కన్నా ముందు ఆ ఊరి నుంచి రోడ్డుకి దారి పడాలి. డోలీ అవసరం మొదట వాళ్లది.

కుక్కలున్న వాళ్లకీ ఒక విన్నపం. నా బూందీ అంటే నాకు ప్రాణం, అయినా మన అడవి కొండలకి దాన్ని తీసుకురాను. ఇంగ్లండ్‌వి గొర్రెలు మేసిన బోడి కొండలు, మన కొండల్లో చిరుతలు, ఎలుగులు, అడవి కుక్కలు ఉంటాయి. పెంపుడు కుక్కల నుంచి డిస్టెంపర్ లాంటి జబ్బులు వాటికి అంటుకుంటాయి. అలాగే బిస్కెట్లు వేస్తూ ఊరి కుక్కల్ని పైదాకా వెంట తిప్పుకోకండి. మీరు దిగి బస్సెక్కి పోతారు, అవి పైనే చెత్త వెతుక్కుంటూ ఉండిపోతాయి. నేను మూడింటిని చూశాను, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

నవంబరులో మళ్లీ సీజన్ మొదలవుతుంది. ఈలోపు మీ విలేకరిని ఒకసారి ఆ కొండల వైపు పంపండి. ఆఫీసుల్లో కాకుండా ముందు డోలీ మోసేవాళ్లని అడగమనండి, దారి ఏ మలుపులో జారుతోందో, బాగు చేయడానికి ఎంతమంది, ఎన్ని రోజులు కావాలో.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ప్రెస్టన్