కొత్త పోర్టులో పాత బందరుకు ఒక హాలు

సంపాదకుడికి,

అయ్యా,

2023లో కొత్త పోర్టు పనులు మొదలైనప్పటి నుంచి మా మచిలీపట్నంలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా బెర్తులు, భూముల రేట్లు, ఉద్యోగాల మాటే. సంతోషమే. నా మనవి వేరు. ఆ పోర్టు ఆవరణలో ఒక్క హాలు పాత రేవు కోసం కేటాయించండి.

మొన్న సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చిన మనవరాలిని డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి తీసుకెళ్లాను. రాతి పలకల మీద ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలను వేలితో తడుముతూ, "తాతయ్యా, వీళ్లు అంత దూరం నుంచి ఎందుకొచ్చారు?" అంది. గుడ్డల కోసమమ్మా అన్నాను. నమ్మలేదు. బందరంటే తనకు లడ్డూయే మరి!

గోల్కొండ కుతుబ్‌షాహీలకు ఇదే పెద్ద రేవు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, తర్వాత ఫ్రెంచివాళ్లు వరసగా దిగారు. 1759లో కోట ఇంగ్లీషువాళ్ల వశమైంది. ఇక్కడి అద్దకం గుడ్డలు పర్షియా దాకా వెళ్లాయి. బందరు అన్న మాటే పారశీకం, రేవు అని అర్థం. కలంకారీలో 'కలం' కూడా అక్కడిదే. మా పక్కనున్న పెడనలో మాత్రం పని చెక్క అచ్చులతో సాగుతుంది. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద పటిక అద్దినప్పుడు ఎరుపు జాడే ఉండదు. తర్వాత రంగునీళ్లలో ఉడికిస్తుంటే పువ్వు మెల్లగా ఎర్రగా తేలుతుంది. ఆ హాల్లో అద్దకం బల్ల ఒకటి వేసి, పెడన పనివాళ్లను కూలి ఇచ్చి కూర్చోబెడితే పిల్లలు కళ్లారా చూస్తారు. అద్దాల పెట్టెలో మడతపెట్టిన చీరతో ఆ పని జరగదు.

1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన సంగతీ ఉండాలి. సుమారు 30 వేల మంది పోయారు. నీరు లోతు లేక ఓడలు దూరాన లంగరేసుకుంటే సరుకు పడవల్లో మోసుకొచ్చిన రేవు ఇది, ఆ దెబ్బకు మరి కోలుకోలేదు. కొత్త బెర్తులు కట్టే ఇంజనీర్లు కూడా ఒకసారి చదవాల్సిన కథ.

కృష్ణా పత్రిక (1902), జాతీయ కళాశాల (1910), అందులో పనిచేసిన పింగళి వెంకయ్య గారు, ఇవన్నీ ఒక గోడకు సరిపోతాయి. 1923లో పట్టాభి గారు ఇక్కడే పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020లో విలీనమైంది. నా పాత పాస్‌బుక్కు ఇంకా బీరువాలోనే ఉంది, అడిగితే ఇచ్చేస్తాను.

ఒక్క షరతు. బోర్డులు ముందు తెలుగులో రాయించండి, ఇంగ్లీషు దాని కింద.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మచిలీపట్నం