పేరైనా అడగలేకపోయిన ఆ అటెండరమ్మకు

హైదరాబాదులోని ఆసుపత్రిలో పరీక్షలు చేయించుకొని తిరిగి వచ్చి రెండు రోజులే అయింది. ఇంకా నిద్ర సరిగా పట్టలేదు, అయినా ఆలస్యమైతే రాయలేనన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను. నా వయసు 57. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒక అడ్తి దుకాణంలో 31 ఏళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. నాకు ఆటిజం (చప్పుడు, వెలుతురు, మనుషుల తీరును మెదడు వేరుగా అందుకోవడం) ఉన్నదని, అది పుట్టుకతో వచ్చిందేనని మొన్న డాక్టరు కాగితం మీద రాసి ఇచ్చారు. డిప్రెషన్ అని 14 ఏళ్ళుగా మింగుతున్న మాత్రల సంగతి మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాలని కూడా అదే కాగితంలో ఉన్నది.

నా భార్య, కొడుకు వెంట వచ్చారు. పెద్దక్క నా చిన్ననాటి ముచ్చట్లన్నీ ఫోనులో గంటసేపు డాక్టరుకు చెప్పింది. ఇంటివాళ్ళకు వేరుగా కృతజ్ఞతలేమి చెప్పుకుంటాం!

చెప్పవలసింది ఆ అటెండరమ్మ గురించి. పరీక్షల మొదటి రోజున వరండా నిండా జనం, ఇనుప కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు, మైకులో నంబర్ల కేక, నా తలపైన వెలిగి ఆరుతూ ఉన్న ఒక ట్యూబులైటు. కొడుకు బిల్లు కట్టడానికి పోయాడు. నేను రెండు చెవులూ మూసుకొని నుదురు గోడకు ఆనించి నిలబడ్డాను. తడిబట్టతో నేల తుడుస్తున్న ఆమె దగ్గరికి వచ్చి, "కాకా, చప్పుడా, వెలుతురా?" అని మాత్రమే అడిగింది. రెండూ అన్నాను. మారుమాట లేకుండా దుప్పట్ల మూటలు, పాత ఫైళ్ళు ఉన్న ఒక చిన్న గదిలోకి తీసుకుపోయి, లైటు ఆర్పి, తలుపు దగ్గరగా వేసి, బయట స్టూలు వేసుకొని కూర్చున్నది. దుప్పట్ల కోసం ఎవరో వస్తే "జర ఆగుండ్రి, లోపల మనిషున్నడు" అని వాళ్ళను ఆపి, తానే లోపలికి వచ్చి మూట తీసి ఇచ్చింది. గంటన్నర తర్వాత తలుపు మీద గోటితో రెండుసార్లు మెల్లగా కొట్టి, "మీదే నంబరు" అన్నది.

జబ్బు పేరు విన్నప్పుడు రాని ఏడుపు ఆ గోటి చప్పుడుకు వచ్చింది. మిర్చి సీజనులో వేలంపాటల అరుపులు, ఘాటు భరించలేక నేను మూలకు పోయి కూర్చుంటే, "మేమందరం ఉంటలేమా?" అన్నవాళ్ళే తప్ప, నా చెవులు చెప్పేది నిజమేనని నమ్మినవాళ్ళు అంతకు ముందు లేరు. పోయేటప్పుడు 200 రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు. వాళ్ళ చెల్లెలి కొడుకు కూడా బరాత్ డప్పు వింటే ఇట్లాగే గోడకు తల ఆనిస్తాడని చెప్పి, "మెట్ల మీద నుంచి పోండ్రి కాకా, లిఫ్టుల గంట మోగుతది" అన్నది.

ఇక మాత్రల విషయం. నేను లెక్కలు రాసేవాడిని కాబట్టి నా సెలవులు కూడా ఖాతాలాగే రాసుకుంటాను. ఆ పుస్తకం తిరగేసిన సైకాలజిస్టు, నేను మంచం పట్టిన రోజులన్నీ దాదాపు ప్రతి ఏడూ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపలే ఉన్నాయని, అంటే మిర్చి రాశులు పోటెత్తే కాలంలోనే ఉన్నాయని వేలు పెట్టి చూపించారు. ఈ మందులు ఆటిజాన్ని మార్చేవి కావని, అయితే ఆటిజం ఉన్నవారిలో కుంగుబాటు, ఆందోళన ఎక్కువగానే కనిపిస్తాయి కాబట్టి 14 ఏళ్ళ మందు దండుగ అనడానికి లేదని డాక్టరు చెప్పారు. 2019లో నేను డిప్రెషన్ మాత్ర ఎస్సిటాలోప్రామ్ ఒక్కసారిగా మానేస్తే కళ్ళు తిరిగి, తలలో కరెంటు కొట్టినట్లయి, అయినదానికీ కానిదానికీ కోపం వచ్చేది. జబ్బు తిరగబెట్టిందని అప్పటి డాక్టరు 10 మిల్లీగ్రాములను 20 చేశారు. అది మందు హఠాత్తుగా ఆపడం వల్ల కూడా అయి ఉండవచ్చునని ఇప్పుడు తెలిసింది. అందుకే ఇప్పుడు 20 నుంచి 15కు దిగి, ఆరు వారాలు చూసి, ఆ తర్వాతే తక్కిన మాట. నన్ను చూసి ఎవరూ సొంతంగా మాత్రలు మానవద్దు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ఇన్నేళ్ళూ చూపించుకున్న చోట "నిద్ర పడుతున్నదా, ఆకలి అవుతున్నదా" అని అడిగి, మూడు నిమిషాల్లో పాత చీటీనే తిరగరాసేవారు. వైకల్యం సర్టిఫికెట్ కోసం అడగబోతే, "పెళ్ళయింది, కొడుకున్నడు, కొలువు చేస్తున్నవు, నీకు ఆటిజం ఏంది?" అని నవ్వారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఉన్నది, దానికి వయసు హద్దేమీ లేదు. పిల్లల్లో ఇటువంటివి ముందే గుర్తించే సర్కారు పరీక్షల పథకం మాత్రం 18 ఏళ్ళ దగ్గరే ఆగుతుంది. 1943లో లియో కానర్ అనే అమెరికా పిల్లల మనోవైద్యుడు ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాశాడు. వారిలో మొదటివాడైన డొనాల్డ్ ట్రిప్లెట్ బ్యాంకులో ఉద్యోగం చేసి, 2023లో 89 ఏళ్ళ వయసులో పోయాడు. ఆ మనిషిదీ కొలువే కదా!

అన్నట్టు, సీజను అయ్యేదాకా పైగదిలో కూర్చొని లెక్కలు రాసుకొమ్మన్న మా షావుకారు గారిని మరిచాను. కాజీపేట స్టేషనుకు తెల్లవారుజామున పాటలు ఆపి ఆటో నడిపిన తమ్ముడిని కూడా. 10, 5 మాత్రలు కలిసిపోకుండా అట్టల మీద స్కెచ్ పెన్నుతో పెద్దగా అంకెలు వేసి ఇచ్చిన హన్మకొండ మెడికల్ షాపు పిల్లగాడికి కూడా చాలా కృతజ్ఞతలు. ఆరు వారాలకు మళ్ళీ హైదరాబాదు పోవాలి. ఈసారి మెట్ల మీదుగానే పైకి పోయి, ఆమె పేరు అడుగుతాను.