ఆటోనగర్ మేస్త్రీ గారికి, ఇంకో ఇద్దరికి

మా అంబాసిడర్ కారు బాగుపడి మళ్ళీ దారికొచ్చింది. మూడు వారాలుగా "బండికి ఏమైంది?" అని అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు. థాంక్స్ చెప్పాల్సిన వాళ్ళకి ఆ గాభరాలో సరిగ్గా చెప్పనూ లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బండి 1978 మార్క్ 3, నాన్న కొన్నది. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, పాత పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వరసగా కరెంటు పంచేది; పాయింట్లు దాంట్లో కరెంటు కలిపి విడగొట్టే స్విచ్ లాంటివి). ఆదివారం పూట నాన్నని మంగళగిరి తీసుకెళ్ళి తీసుకురావడం తప్ప దానికి వేరే డ్యూటీ లేదు. పోయిన నెల స్టార్టింగ్‌కి మొరాయిస్తోందని ట్యూనింగ్ చేయించాను. పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు, రోటర్, క్యాప్ అన్నీ కొత్తవే. స్టార్టింగ్ బాగైంది. మర్నాడు విజయవాడ వారధి ఎక్కి నలభైలో పోతుంటే టప్ టప్‌మని మిస్సింగ్ (మధ్యమధ్యలో ఇంజన్ మండక జర్క్ ఇవ్వడం) మొదలు. డబ్బులిచ్చి రోగం కొనుక్కున్నట్టయింది.

ఇక సలహాలే సలహాలు. ఒకరు కార్బ్యురేటర్ అన్నారు, విప్పి కడిగించాను. ఒకరు పెట్రోల్‌లో ఇథనాల్ అన్నారు. ఈ రోజుల్లో ఏ బండి దగ్గినా నేరం ఇథనాల్‌దే కదా! కొత్త కండెన్సర్లలో నాసిరకం ఎక్కువని ఇంకొకరంటే రెండు మార్చాను. కాయిల్ కూడా కొన్నాను. ప్లగ్ వైర్లు తారుమారయ్యాయేమోనని అవి వెలగాల్సిన 1-3-4-2 వరస నేనే నాలుగుసార్లు చూసుకున్నాను, అయినా మిస్సింగ్ పోలేదు.

మొదటి థాంక్స్ మా పక్కింటి బాబాయి గారికి. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఒకరోజు నా పక్కన కూర్చుని వచ్చి, "ఎక్కువ తొక్కినప్పుడు మిస్సవుతోందా, తక్కువ తొక్కినప్పుడా?" అని అడిగారు. అన్ని రోజులు నడిపి కూడా అది నేను గమనించనే లేదు. చూస్తే తమాషాగా ఉంది. పూర్తిగా తొక్కితే బండి దూసుకుపోతోంది, కాలు తేలిగ్గా పెట్టి పోతుంటేనే జర్క్‌లు. "పెట్రోల్ అందకపోతే ఎక్కువ తొక్కినప్పుడు చావాలి. ఇది ఉల్టాగా ఉంది, ఆటోనగర్‌లో పాతవాళ్ళెవరికైనా చూపించు" అన్నారు.

అలా మేస్త్రీ గారి దగ్గరికి వెళ్ళాను. పేరు రాయొద్దన్నారు. "రాస్తే కృష్ణా, గుంటూరు జిల్లాల పాత బండ్లన్నీ నా షెడ్డు ముందుకొస్తాయి బాబూ" అని నవ్వారు.

ఆయన ముందు ఏ పార్టూ విప్పలేదు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, గుడ్డతో పట్టుకుని ఒక్కో ప్లగ్ వైరు పీకి పెట్టారు. ఏది పీకినా ఇంజన్ ఒకేలా కుంగింది. "నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి. అంటే తేడా ఏ ఒక్కదాంట్లోనో లేదు, నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉంది" అన్నారు. తర్వాత కార్బ్యురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్ళే సన్న పైపు కార్బ్యురేటర్ వైపు ఊడదీసి, కొస నోట్లో పెట్టుకుని కొబ్బరిబోండాం తాగినట్టు పీల్చారు. ఇంజన్ ఎగదన్నింది. వదిలారు, సర్దుకుంది. మళ్ళీ పీల్చారు, మళ్ళీ టప్ టప్. నాకు నోట మాట రాలేదు.

డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి చూపించారు. పాయింట్లు బిగించే ప్లేటు అక్కడే ఉంటుంది. మనం తేలిగ్గా తొక్కినప్పుడు ఆ పైపులో వాక్యూమ్ పెరిగి ప్లేటుని కొంచెం తిప్పుతుంది, స్పార్క్ ముందుగా పడుతుంది. పూర్తిగా తొక్కితే వాక్యూమ్ పడిపోయి ప్లేటు వెనక్కి వస్తుంది. ఆ ప్లేటుకి చిటికెన వేలంత పొడవు ఎర్త్ వైరు ఒకటి ఉంది. పైకి నిక్షేపంగా కనిపించింది. పట్టకారుతో లాగితే తొడుగు సాగింది, లోపల రాగి రెండు ముక్కలు. ప్లేటు తిరిగినప్పుడల్లా కొసలు విడిపోయి స్పార్క్ ఆగిపోతోంది, వెనక్కి రాగానే అతుక్కుంటున్నాయి. కొత్త పాయింట్లు బిగించేటప్పుడు లాగుడు పడి ఉంటుంది. 47 ఏళ్ళు దాటిన వైరు, ట్యూనింగ్ చేసిన కుర్రాడిని ఏమంటాం! విషయం తెలిసి అతనే వచ్చి గంటసేపు నిలబడి చూశాడు. రెండో థాంక్స్ అతనికి. చాలామంది అయితే ఫోన్ ఎత్తడం మానేస్తారు.

మామూలు వైరు వేస్తే తిరిగి తిరిగి మళ్ళీ తెగుతుందట. మేస్త్రీ గారు పాత డైనమో కార్బన్ బ్రష్ వెనకాల ఉండే మెత్తటి అల్లిక వైరు కోసి, తొడుగు వేసి, రెండు కొసలా టంకం పెట్టారు. ప్లేటు చేత్తో అటూ ఇటూ తిప్పి వైరు బిగుసుకోవట్లేదని చూసుకున్నారు. ఫీలర్ గేజ్‌తో పాయింట్ల గ్యాప్ పదిహేను థౌకి (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెట్టి, గ్యాప్ మారితే టైమింగ్ కూడా జరుగుతుందని అదీ మళ్ళీ చూశారు. అంతా కలిపి గంటన్నర. అడిగింది మూడు వందలు. ఐదు వందల నోటిస్తే రెండొందలు నా జేబులో కుక్కి టీ ఇప్పించమన్నారు.

మొన్న ఆదివారం నాన్నతో మంగళగిరి వెళ్ళొచ్చాం. వారధి మీద కావాలనే నలభై దాటకుండా, కాలు ఆనీ ఆనకుండా పోనిచ్చాను. ఒక్క జర్క్ లేదు. మామూలుగా దారంతా "గేరు మార్చరా, బ్రేకు వెయ్యరా" అనే నాన్న, తాడేపల్లి దాటేలోపే నిద్రపోయారు.

మేస్త్రీ గారూ, మీ నోట్లో పడిన ఆ పెట్రోల్ వాసనకి ఒక టీ సరిపోదు. వచ్చే వారం పూతరేకులు పట్టుకుని వస్తాను, వద్దనకండి.

ఇంకో మాట. నా దగ్గర అక్కర్లేక మిగిలిన కండెన్సర్లు రెండున్నాయి, బాగున్నవే. ఇక్కడ ఎవరికైనా పాత అంబాసిడర్ ఉంటే ఊరికే పట్టుకెళ్ళండి. కొత్త కాయిల్ కూడా ఇచ్చేద్దామనుకున్నాను గానీ, నాన్న దాన్ని అప్పుడే బీరువాలో పెట్టి తాళం వేసేశారు.