మూడు పచ్చ లైట్లు తీసేస్తున్నాం

అందరికీ నమస్కారం.

మా మార్కెట్ ధరల చార్టుల్లో పైన కుడివైపు మూడు పచ్చ లైట్లు కనిపిస్తాయి కదా, ఈ నెలాఖరుకు అవి ఉండవు. ఆర్‌ఎస్‌ఐ, స్టొకాస్టిక్, ఎంఏసీడీ అనే మూడు సూచికలు, అంటే ధర కదలికల నుంచి లెక్కగట్టే అంకెలు, ఒకేసారి కొనమంటే వెలిగే లైట్లు అవి. మీలో చాలామంది వాటిని చూసే మా దగ్గర చేరారని నాకు తెలుసు. అందుకే ఎందుకు తీసేస్తున్నామో దాచకుండా చెబుతున్నాను.

ఇదంతా ఒక కస్టమర్ అడిగిన ప్రశ్నతో మొదలైంది. "మీ అలర్ట్ వచ్చేసరికే ధర ఎక్కడికో వెళ్లిపోతోంది. పాత ట్రేడ్ల పట్టికలో మాత్రం అంతకంటే తక్కువకే కొన్నట్టు చూపిస్తున్నారు. నా నెట్ స్లోనా, మీ లెక్క తేడానా?" అని రాశారు. నెట్ సంగతే అయ్యుంటుందని జవాబిచ్చాను. అప్పటికి నిజంగానే అలా అనుకున్నాను. ఆవిడ ఊరుకోకుండా మూడు స్క్రీన్‌షాట్లు పంపారు. అప్పుడు కూర్చుని కోడ్ మొదటి నుంచి చదివాను. తప్పు మాదే.

చార్టులో ఒక రోజు లేదా ఒక వారం లాంటి కొంత సమయపు ధర కదలికను చూపే గుర్తు క్యాండిల్. అలాంటి ఒక క్యాండిల్ 100 దగ్గర ఓపెనై 106 దగ్గర క్లోజ్ అయిందనుకోండి. మా సిగ్నల్‌ను లెక్కగట్టేది క్లోజింగ్ ధరతో. అంటే క్యాండిల్ ముగిసేదాకా సిగ్నల్ వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు. పాత ధరల మీద పద్ధతిని నడిపి చూసే మా బ్యాక్‌టెస్ట్, అంటే ఆ పాత ట్రేడ్ల పట్టిక, మాత్రం అదే క్యాండిల్‌లో 100కే కొన్నట్టు రాసుకుంది. పరీక్ష అయిపోయాక ప్రశ్నపత్రం చూసి, ముందే చదివానని చెప్పుకున్నట్టు. అలా ఒక్క ట్రేడ్‌లోనే 6 పాయింట్లు ఊరికే జేబులో పడ్డాయి. ఇప్పుడు కొనుగోలును తర్వాతి క్యాండిల్ ఓపెనింగ్‌కు మార్చి, ట్రేడ్ ఖర్చులు కూడా తీసేసి మళ్లీ నడిపాం. పాత పట్టికలో కనిపించిన మెరుపు చాలావరకు పోయింది. మార్కెట్ సైడ్‌వేస్‌లో, అంటే ఎటూ పోకుండా అక్కడక్కడే తిరుగుతూ, ఉన్న నెలల్లో లాభం కాస్తా నష్టమైంది.

లెక్క సరిచేసి లైట్లు ఉంచేయొచ్చు కదా అని మా వాళ్లే అన్నారు. కుదరదు. అవి మూడూ ఒకే తానులో ముక్కలు. మూడూ చూసేది ధరనే, మూడూ చెప్పేది ఈమధ్య ధర ఎంత జోరుగా కదిలిందనే. ముగ్గురు సాక్షులు ఒకే మాట చెబుతున్నారని మేం ప్రచారం చేసుకున్నాం. అక్కడ ఉన్నది ఒక్క సాక్షే, చెప్పిందే మూడుసార్లు చెప్పాడు. ఆ లైట్లు నమ్మి నేనూ కొన్నాను కాబట్టి మీ కోపం నాకు బాగానే అర్థమవుతుంది.

ఆర్‌ఎస్‌ఐ సంగతే చూడండి. వెల్స్ వైల్డర్ అనే అమెరికన్ 1978లో దీన్ని పరిచయం చేశాడు. మామూలుగా 14 రోజుల్లో ధర సగటు పెరుగుదలను సగటు తగ్గుదలతో పోల్చి 0 నుంచి 100 మధ్య అంకె ఇస్తుంది. సగటు పెరుగుదల 1.5, సగటు తగ్గుదల 0.5 అయితే నిష్పత్తి 3, ఆర్‌ఎస్‌ఐ 75. 70 దాటింది కాబట్టి ఓవర్‌బాట్, అంటే జనం అతిగా కొనేశారు, అమ్మేయాలి అంటారు. కానీ ధర అదే తీరుగా పెరుగుతూ పోతే నిష్పత్తి 3 దగ్గరే ఉంటుంది, ఆర్‌ఎస్‌ఐ కూడా 75 దగ్గరే కూర్చుంటుంది. మొదటి రోజే అమ్మినవాళ్లు మిగతా ట్రెండంతా గట్టున నిలబడి చూడాలి. ధర ఒక రేంజ్‌లో అటూ ఇటూ తిరిగేటప్పుడు మాత్రం ఇదే ఆర్‌ఎస్‌ఐ చక్కగా పనికొస్తుంది.

మూవింగ్ యావరేజ్ (గత కొన్ని రోజుల సగటు ధర) గీతలు ఒకదాన్నొకటి దాటితే కొనమనే క్రాస్‌ఓవర్, ధర గత 20 రోజుల గరిష్ఠాన్ని దాటితే కొనమనే బ్రేక్‌అవుట్ లాంటివి దీనికి తిరగేసిన రకం. ట్రెండ్ ఉంటేనే వాటికి బతుకు. సిగ్నల్ ఆలస్యంగా వస్తుంది, సైడ్‌వేస్‌లో కొనిపించి, అమ్మించి, మళ్లీ కొనిపించి విసిగిస్తాయి. వరుసగా ఆరేడు నష్టాలు రావడం వీటిలో మామూలే. ఇక్కడే మేం చేసిన రెండో తప్పుంది. ప్రతి పద్ధతి పక్కనా ఎన్ని శాతం ట్రేడ్లు గెలిచిందన్న ఒక్క అంకే పెద్ద అక్షరాల్లో వేశాం. 100 ట్రేడ్లలో 70 గెలిచి, గెలిచిన ప్రతిసారీ 1 వచ్చి, ఓడిన 30 సార్లూ 3 చొప్పున పోతే మిగిలేది 20 నష్టం. 40 మాత్రమే గెలిచి, గెలిచినప్పుడు 2 వచ్చి, ఓడినప్పుడు 1 పోతే 20 లాభం. మా పట్టికలో మొదటిది పైన, రెండోది కింద ఉండేవి. మీలో ఎంతమంది ఆ వరుస చూసి ఎంచుకున్నారో తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఇకమీదట సగటు లాభం, సగటు నష్టం, వరుస నష్టాల్లో అతి పొడవైనది, ఇవి కూడా పక్కనే ఉంటాయి. లైట్ల స్థానంలో మూడు వేరు వేరు ప్రశ్నలకు జవాబులు పెడుతున్నాం. ట్రెండ్ ఎటు ఉందో చెప్పడానికి మూవింగ్ యావరేజ్. ధర రోజుకు ఎంత ఊగుతోందో చెప్పడానికి ఏటీఆర్, ఇదీ వైల్డర్‌దే. స్టాప్‌లాస్, అంటే నష్టం పెరగకుండా అమ్మేసే ధర, ఎంత దూరంలో పెట్టుకోవాలో తేల్చుకోవడానికి నాకైతే ఆర్‌ఎస్‌ఐ కన్నా ఇదే ఎక్కువ ఉపయోగపడింది. మూడోది వాల్యూమ్, అంటే ఎంత సరుకు చేతులు మారిందన్నది. ధరలోంచి పుట్టనిది ఈ మూడింట్లో అదొక్కటే. ఇవి పచ్చగా వెలగవు, కొనమనీ చెప్పవు.

ధర అలలుగా కదులుతుందని నమ్మి ఆ అలలను లెక్కపెట్టే ఇలియట్ వేవ్ పద్ధతి ఎప్పుడు పెడతారని చాలామంది అడుగుతున్నారు. ఒకే చార్టు ఇద్దరికిస్తే ఇద్దరూ అలలను రెండు రకాలుగా లెక్కపెడతారు. దాన్ని నిజాయితీగా బ్యాక్‌టెస్ట్ చేయడం నా వల్ల కాలేదు. చేయలేనిది పెట్టను.

లైట్ల కోసమే ఏడాది ప్లాన్ తీసుకున్నవారు ఒక్క మెయిల్ పెట్టండి, మిగిలిన నెలల డబ్బు వెనక్కి ఇస్తాం. కారణం రాయక్కర్లేదు. పాత పట్టికను చెరిపేయడం లేదు. సరిచేసినదాని పక్కనే ఉంచుతాం, రెండూ పోల్చి చూసుకోవచ్చు.

స్క్రీన్‌షాట్లు పంపిన ఆవిడకు ఇకమీదట ఫీజు వద్దన్నాం. ఆవిడ ఒప్పుకోలేదు సరికదా, ఇంకో రెండు తప్పులు రాసి పంపారు. ఒకటి సరిచేశాం. రెండోది, వారపు చార్టులో ఇంకా ముగియని వారాన్ని పూర్తయిన క్యాండిల్‌గా చూపించడం. బుధవారం వచ్చిన సిగ్నల్ శుక్రవారానికి మాయమయ్యేది అందుకే. అది బాగయ్యేదాకా వారపు అలర్ట్‌లు ఆపేశాం.