మతిమరుపుతో పాటు కాళ్లనూ చూడండి

సంపాదకులకు నమస్కారం.

వృద్ధుల మతిమరుపు గురించి వచ్చే వ్యాసాలన్నీ గళ్లనుడికట్టు పూరించమనో, పాత ఫొటోలు చూపించమనో చెబుతాయి. మంచిదే. కాళ్ల సంగతి మాత్రం ఎవరూ రాయరు. మా వారికి డెమెన్షియా తొలిదశ. పేర్లు, తేదీలు మరిచిపోవడానికి నేను అలవాటు పడ్డాను. ఆయన కుర్చీలోంచి లేవడానికి పడే అవస్థ చూస్తేనే నాకు భయం.

ఆసుపత్రిలో ఈ రోజు ఏ వారమని అడిగారు. గడియారం బొమ్మ గీయించారు. వందలోంచి ఏడేసి తీసివేయించారు. బరువు చూడలేదు, నడిపించనూ లేదు. ఏడాదిలో చొక్కాలన్నీ వదులైపోయాయంటే ‘వయసు కదమ్మా’ అన్నారు. వయసు నాకూ వచ్చింది, నా జాకెట్లు వదులు కాలేదు.

ఎందుకు చిక్కిపోతున్నారో ఇంట్లోవాళ్లకు తెలుసు. తినకుండానే తిన్నానంటారు. తిన్నా చారన్నం, మజ్జిగన్నంతో సరి. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు కనీసం ఒక గ్రాము మాంసకృత్తులు కావాలట. అంటే 55 కిలోల మనిషికి 55 గ్రాములు. గుడ్డు తింటే వచ్చేది సుమారు ఆరు గ్రాములు, ఇక చారులో ఎంతో మీరే లెక్కవేయండి. కండ కరిగితే నడక మందగిస్తుంది, నడక తగ్గితే ఉన్న కండా కరుగుతుంది. దారి తప్పుతారేమోనని మనమే గడప దాటనివ్వం. నిద్రమాత్ర వేసిన మర్నాడు అడుగు తూలుతుంది. చుట్టాలేమో ‘పాపం, కూర్చోనివ్వండి’ అని నాకే బుద్ధి చెబుతారు.

చివరికి ఒక ఫిజియోథెరపిస్టు పరీక్ష పెట్టారు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు దాటితే పడిపోయే ప్రమాదం ఎక్కువని చెప్పారు. ఎక్కం అప్పజెబుతూ నడవమంటే మా వారు మధ్యలో నిలబడిపోయారు. నడకకూ మెదడు కావాలి మరి. ఇప్పుడు రోజూ కుర్చీలోంచి లేచి కూర్చునే సాధన, ఒక గుడ్డు, గుప్పెడు వేరుశనగలు, నా చెయ్యి పట్టుకుని కూరగాయల బజారు దాకా నడక. పేర్లు తిరిగి రాలేదు గానీ, స్నానాల గదికి తనంతట తాను వెళ్లివస్తున్నారు.

మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి డెమెన్షియా ఉందని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా. 2010-11లో మొదలైన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికోసారి వృద్ధుల క్లినిక్ జరగాలి. మంచం పట్టినవారికి ఇంటికే వచ్చి సేవ చేయాలనీ అందులో ఉంది. మంచం పట్టకముందు వస్తే ఇంకా మేలు కదా! బీపీ, షుగరు చూసే ఆరోగ్య సిబ్బందికి బరువు యంత్రం, ఆ మూడు మీటర్లు కొలిచే టేపు ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది? అంతకన్నా ముందు, మా మండలంలో ఆ క్లినిక్ ఏ రోజు జరుగుతుందో బోర్డు మీద రాయించమని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి