పాదాకార పత్రం తప్పంటే బూట్లు పంపిన కంపెనీకి

హనుమకొండ

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. మీకిది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ "మీ అభిప్రాయం మాకు అమూల్యం" అనే ఒకే జవాబు వచ్చింది. అమూల్యమంటే విలువ లేనిదని మీ అర్థం కాబోలు.

మా బడికి మీ దగ్గర కొన్న జీవశాస్త్రం చార్టులో హస్తాకార పత్రం, ఉదాహరణ బూరుగాకు అని రాసినచోట పాదాకార పత్రం బొమ్మ వేశారు. అమీబా మిథ్యాపాదాలను నీరిస్ అనే సముద్రపు పురుగుకూ, దాని ఒంటి పక్కల ఉండే పార్శ్వపాదాలను అమీబాకూ తగిలించారు. సరే, అచ్చుతప్పులు ఎవరికైనా దొర్లుతాయి. అంతటితో పోతే ఈ ఉత్తరమే లేదు.

ఫోను చేశాను. ఇరవై నిమిషాలు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి "ఆకు చిరిగిందా మేడం?" అని అడిగింది. చిరగలేదమ్మా, బూరుగాకు చూశావు కదా, కాడ చివర ఒకే చోటు నుంచి చేతివేళ్ళలా విచ్చుకుంటుంది, అది హస్తాకారం. పాదాకారంలో పక్క ఆకులు మళ్ళీ చీలి పక్షి కాలిలా ఉంటాయి అని ఓపికగా చెప్పాను. "లైనులో ఉండండి" అంది. ఉన్నాను. తర్వాత వచ్చిన అబ్బాయికి బూరుగాకు దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. పాదం అన్న మాట ఒక్కటే ఆయన చెవిన పడినట్టుంది. "సైజు చెప్పండి" అంటూ బడి బూట్ల విభాగానికి కలిపాడు! అక్కడి పెద్దాయన మాత్రం మర్యాదస్థుడు. "ఆకులు మా దగ్గర ఉండవమ్మా" అని విచారించి, ఒక ఫిర్యాదు నంబరు ఇచ్చాడు. వారం తిరిగేసరికి "మీ సమస్య పరిష్కారమైంది" అని సందేశం. మర్నాడు కొరియర్‌లో తెల్ల బూట్ల జత, 7వ సైజు.

అమీబా మిథ్యాపాదం చాచేది కదలడానికో, తిండి పట్టుకోవడానికో. మీ వాళ్ళు సాయం చేస్తామని చెయ్యి చాచేదెందుకో, వెంటనే లాక్కునేదెందుకో తెలియదు.

పన్నెండేళ్ళుగా డస్టర్ల నుంచి సూక్ష్మదర్శిని దాకా మీ దగ్గరే కొన్నాం. వేరే దుకాణం చూద్దామని మా హెడ్‌మాస్టర్ గారు అన్నప్పుడల్లా మీ తరఫున వాదించిన మూర్ఖురాలిని నేనే.

అసలు ఆ తప్పు పట్టింది నేను కాదు. ములుగు వైపు నుంచి వచ్చే తొమ్మిదో తరగతి పిల్ల. వాళ్ళింట్లో మోదుగాకులతో విస్తళ్ళు కుడతారు. చార్టు చూడగానే "టీచర్, ఇది బూరుగాకు బొమ్మ కాదు" అంది. ఆ పిల్లకు ఒక్క చూపులో తెలిసింది మీ మూడు విభాగాలకు నెల రోజులైనా ఎక్కలేదు.

నాకు డబ్బు అక్కర్లేదు. తప్పు ఒప్పుకుంటూ ఆ పిల్ల పేరు మీద ఒక ఉత్తరం రాయండి, సరిచేసిన చార్టు పంపండి. లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కలుద్దాం. అక్కడా బూరుగాకు దగ్గర నుంచే మొదలుపెడతాను.

బూట్లు స్టాఫ్‌రూమ్ బల్ల కింద ఉన్నాయి. మనిషిని పంపి తీసుకువెళ్ళండి.

ఇట్లు,
జీవశాస్త్రం టీచర్